బోర్డు లేని ఇంట్లో పది రోజులు

నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్ కొబ్బరి తోటల్లో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి, పోయిన ఏడాది రిటైరయ్యాను. వెట్టిచాకిరీ నుంచి విడిపించిన ఆడపిల్లల కోసం హైదరాబాద్ పాతబస్తీలో నడిచే ఒక సంరక్షణ గృహంలో నెల రోజులు పని చేయాలని ఎందుకు అనిపించిందో చెప్పాలంటే, మా బడిలో మూడో తరగతి చదివిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఒక సోమవారం నుంచి ఆ పిల్ల బడికి రావడం మానేసింది. ఇంటికి కబురు పెడితే ఊరు మారుతున్నామన్నారు. సరే అనుకున్నాను. రెండేళ్ల తరువాత ఆ పిల్ల మా ఊళ్లోనే, బజారు వెనక ఒక ఇంట్లో అంట్లు తోముతూ కనిపించింది. నన్ను చూసి తల దించుకుంది. ఆ రోజు నుంచి ఎవరు ఏం చెప్పినా వెంటనే నమ్మకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. ఆ నియమాన్ని ఈ ప్రయాణంలో ఎంత వంకరగా వాడానో దాచకుండా రాస్తున్నాను. ఇలాంటి పనికి వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని.

మొదట ఇంటర్నెట్‌లో వెతికాను. డబ్బు కడితే మూడు వారాలు పిల్లలతో గడపనిస్తామని, ఫొటోలు తీసుకోవచ్చని చెప్పే ఏజెన్సీలు చాలా కనిపించాయి. పిల్లలను జూలో జంతువుల్లా చూపిస్తున్నట్టనిపించి వాటిని వదిలేశాను. తెలుగు సంఘంలో పరిచయమున్న ఒకావిడ ద్వారా ఈ చిన్న గృహం గురించి తెలిసింది. ఉత్తరం రాస్తే ఎగిరి గంతేసి రమ్మంటారనుకున్నాను. వాళ్లు మా దేశం పోలీసుల నుంచి ధ్రువపత్రం అడిగారు. డాక్టరు సర్టిఫికెట్, నాతో పని చేసిన ఇద్దరి ఉత్తరాలు అడిగారు. రెండుసార్లు వీడియోలో ప్రశ్నలు వేశారు. ఇదంతా నాలుగు నెలలు పట్టింది. ముసలి టీచరమ్మకి ఇన్ని పరీక్షలెందుకు, వీళ్లు దాచేదేమైనా ఉందా అని అప్పుడే మనసులో ఒక ముల్లు దిగింది. వీసా విషయానికి వస్తే, నేను దరఖాస్తు చేసినప్పుడు పర్యాటక ఈ-వీసాలోనే నెలకు మించని, జీతం లేని స్వచ్ఛంద సేవకు వేరే వీలుంది. దరఖాస్తులో దాన్నే ఎంచుకోవాలి. మామూలు పర్యటన అని రాసి వెళ్లకండి.

కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా వెళ్లే విమానంలో నాలుగు గంటలు. ఆదివారం మధ్యాహ్నం దిగాను. క్యాబ్‌లో అఫ్జల్‌గంజ్ చేరడానికి గంటకు పైనే పట్టింది, ఎనిమిది వందల చిల్లర అయింది. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రోజుకు పద్నాలుగు వందల గది. ఉదయం తొమ్మిది దాటితే వేడినీళ్లు రావు, కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు. కానీ నేను పని చేయాల్సిన చోటికి నడిచి వెళ్లవచ్చు. మూసీ దాటి మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి మీదుగా పొద్దున్నే అయితే ఇరవై ఐదు నిమిషాలు. సాయంత్రం అయిదింటికి అదే దారి నలభై నిమిషాలు పడుతుంది. ఆ ఇల్లు ఏ గల్లీలో ఉందో రాయను. కారణం చివరికి మీకే తెలుస్తుంది. ఇందులో వచ్చే వాళ్ల పేర్లన్నీ మార్చాను.

సోమవారం దారి తెలియక ఆటో ఎక్కాను. ఎనభై అడిగితే అరవైకి ఒప్పించాను. డ్రైవర్ నెరిసిన గడ్డం పెద్దాయన. గల్లీ పేరు చెప్పగానే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. అక్కడ దుకాణం లేదు, దవాఖాన లేదు, మీకేం పని అని అడిగాడు. నేను పొడిపొడిగా చెప్పి ఊరుకున్నాను. దిగేటప్పుడు ఆయనే అన్నాడు.

"ఆడపిల్లలుంటరు అంటరమ్మా ఆ ఇంట్ల. ఒక్కరు గూడ బయట కనవడరు. లోపల ఏం నడుస్తదో ఎవరికి తెల్వదు. మీరు పెద్దోళ్లు, జర చూస్కొని పోండ్రి."

గేటుకు బోర్డు లేదు. గంట కొడితే చిన్న కిటికీ తెరుచుకుని రెండు కళ్లు నన్ను చూశాయి. పాస్‌పోర్టు ఆ కిటికీలోంచి లోపలికి వెళ్లింది. అయిదు నిమిషాల తరువాత గాని గేటు తెరవలేదు. ఇంటి కిటికీ అద్దాలన్నింటికీ లోపలి నుంచి తెల్లరంగు పూసి ఉంది. మేడమెట్ల దగ్గర ఇనుప తలుపు, దానికి తాళం. గృహం నడిపే ఎస్తేరు మేడం యాభై ఏళ్ల బక్కపలచని మనిషి. సైదాబాద్‌లో ఉంటుందని, భర్త కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్ అని తరువాత తెలిసింది. ఆవిడ నా సంచి మొత్తం బల్ల మీద బోర్లించి చూసింది. ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను పిల్లల కోసం మోసుకొచ్చిన రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు కూడా ఆ బీరువాలోకే వెళ్లాయి. పిల్లలకు ఎప్పుడిస్తారని అడిగాను. ఇస్తాం అంది, అంతే. మరి నేను పిల్లలను ఎప్పుడు కలుస్తానని అడిగితే కూడా నేరుగా చెప్పలేదు.

"పిల్లలను చూసెతందుకు ఎవ్వరినీ రానియ్యం టీచర్. మొదలు వంటింట్ల పని చేయుండ్రి. తర్వాత సంగతి తర్వాత."

అలా మూడు రోజులు నేను ఉల్లిపాయలు తరిగాను. వంట చేసే యాదమ్మది తరతరాలుగా పాతబస్తీలో గేదెలు పెట్టుకుని పాలు పోసే కుటుంబం. పిల్లలకు పాలు వాళ్లింటి నుంచే వస్తాయి. మాట కలుపుగోలు మనిషే, కానీ పిల్లల గురించి అడిగితే మాత్రం పొయ్యి వైపు తిరిగేది. మంగళవారం మేడ మీద ఒక పిల్ల ఏడుపు వినిపించింది. ఆ వెంటనే ఎవరో తలుపు మూశారు, ఏడుపు ఆగిపోయింది. ఎవరు ఏడ్చారని అడిగాను. "గది నన్ను అడగకక్కా. నాకు కూరగాయల సంగతే తెలుసు" అంది యాదమ్మ. బుధవారం భోజనాల దగ్గర ఎస్తేరు మేడం "మల్లికా" అని పిలిచింది. పదకొండేళ్లు ఉంటాయేమో, ఆ అమ్మాయి తిరిగి చూడలేదు. రెండోసారి పిలిస్తే పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. తన పేరు తనకే తెలియని పిల్ల ఉంటుందా? రాత్రి లాడ్జికి వచ్చాక నా నోటుపుస్తకంలో ఇవన్నీ రాసుకున్నాను: రంగు పూసిన అద్దాలు, ఇనుప తలుపు, తలుపు మూయగానే ఆగిన ఏడుపు, అబద్ధపు పేరు, బీరువాలోని పెన్సిళ్లు. మా బడిలో పిల్ల విషయంలో ఊరుకున్నట్టు ఈసారి ఊరుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం నన్ను మొదటిసారి కింది హాల్లో ఆరుగురు పిల్లలతో గంటసేపు కూర్చోనిచ్చారు. తలుపు తెరిచే ఉంచాలి, యాదమ్మ గుమ్మంలో కూర్చుంటుంది. కాగితంతో పడవలు, కొంగలు చేయించాను. బీరువాలోని పెన్సిళ్లు ఆ రోజు బల్ల మీద కనిపించాయి, కానీ నేనది పెద్దగా పట్టించుకోలేదు. మల్లిక పెన్సిల్‌ను వేళ్ల కొసలతో కాకుండా రెండు వేళ్ల సందులో పెట్టి పట్టుకుంది. దగ్గరికి వెళ్లి చూస్తే కొసలు గట్టిపడి, మెరుస్తూ ఉన్నాయి. లక్క గాజులకు రాళ్లు అతికించే పనిలో ఉండేదట. బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన లక్కను పొద్దున్నుంచి వేళ్లతో ఒత్తడమే పని. గాజుల బజారులో కాదు, మామూలుగా కనిపించే ఒక ఇంట్లో. ఆ మాత్రం సంగతి ఎస్తేరు మేడం చెప్పింది, చేతులకు మందు రాసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని. మల్లిక ఆ గంటలో నన్ను ఒక్క ప్రశ్నే అడిగింది. మా దేశంలో ఆడవాళ్లు గాజులు వేసుకుంటారా అని. కొందరు వేసుకుంటారన్నాను. నా ఖాళీ చేతుల వైపు చూసి కొద్దిగా నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆ పిల్లకు నేనేదో చేసి తీరాలనిపించింది.

శుక్రవారం మల్లికను చేతులు చూపించడానికి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి తెచ్చారు. శనివారం మళ్లీ గంటసేపు కూర్చున్నాను. ఆదివారం సెలవు. చార్మినార్ పక్కన గాజులు అమ్మే లాడ్ బజార్‌కి వెళ్లాను. వెళ్లేవారికి చెప్తున్నాను, పదకొండు లోపే వెళ్తే తీరిగ్గా చూడొచ్చు, చెప్పిన ధరలో మూడో వంతు తగ్గించి అడగొచ్చు. కొన్ని దుకాణాల్లో ముసలి దంపతులు మన ఎదురుగానే లక్క కరిగించి మన చేతి కొలతకు గాజు చేసి ఇస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నేను ఆ రోజు ఒక్క గాజూ కొనలేకపోయాను. ప్రతి దుకాణంలోనూ ఇవి చేసిందెవరు, వాళ్ల వయసెంత అని అడుగుతూ పోయాను. ఒకాయన విసుక్కుని, కొనేది ఉంటే కొనండి లేకపోతే జరగండి అన్నాడు. ఆయన తప్పేం లేదు. అప్పటికి నాకు కనిపించిన ప్రతి మనిషీ ఏదో దాస్తున్నట్టే ఉంది.

రెండో సోమవారం సాయంత్రం. గల్లీ మొగలో ఒక ఇరానీ హోటల్ ఉంది. రోజూ అక్కడ ఇరవై రూపాయల చాయ్ తాగి లాడ్జికి వెళ్లడం అలవాటైంది. ఒకతను నా ఎదుటి కుర్చీలో కూర్చోవచ్చా అని అడిగాడు. నలభై లోపు ఉంటాడు. ఉతికిన తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. నేను ఇక్కడి మాట కొంచెం నెమ్మదిగా అర్థం చేసుకుంటానని గ్రహించి, నా కోసం నిదానంగా మాట్లాడాడు. ఈ పది రోజుల్లో నా కోసం అలా మాట్లాడినవాడు అతనొక్కడే. పాలమూరు వైపు ఒక పల్లెటూరు తనదని, ఆ ఇంట్లో ఉన్న ఒక పిల్లకు మేనమామనని చెప్పాడు. పిల్ల తల్లి మంచం పట్టి ఉందట. పోలీసులు గాజుల ఇంటి మీద దాడి చేసి పిల్లలను తీసుకుపోయాక, ఏ ఇంట్లో పెట్టారో తెలుసుకోవడానికే నెల పట్టిందట. గేటు దగ్గరికి పోతే తిట్టి పంపేశారట. ఫోనులో ఫొటో చూపించాడు. పట్టులంగాలో, తలనిండా పూలతో మల్లిక. నేను పేరు అడిగితే వేరే పేరు చెప్పాడు. ఆ పిల్ల మల్లిక అంటే ఎందుకు పలకలేదో నాకప్పుడు అర్థమైంది. నా నోటుపుస్తకంలోని అనుమానాలన్నీ ఒక్కసారిగా ఒకదానితో ఒకటి అతుక్కున్నట్టు అనిపించింది. సొంతవాళ్లకు కూడా చూపించకుండా పిల్లలను దాచి, పేర్లు మార్చి, వీళ్లు ఏం చేస్తున్నారు?

మంగళవారం మళ్లీ కలిశాడు. నన్నేమీ అడగలేదు, అదే నాకు నచ్చింది. తల్లి గురించి చెప్పాడు, ఊళ్లో బడి గురించి చెప్పాడు. లేవబోతూ, "చేతులు మస్తు కాలి ఉండె అక్కా. మందన్న ఇప్పిస్తున్నరా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పిస్తున్నారు, ఈ శుక్రవారం మళ్లీ తీసుకెళ్తారు, బెంగ పెట్టుకోకండి అన్నాను. పెద్ద దవాఖానకే కదా అన్నాడు. నేను కాదనలేదు.

బుధవారం పొద్దున అదే హోటల్ దగ్గర నిలబడి ఉన్నాడు. వార్తాపత్రికలో చుట్టిన చిన్న పొట్లం ఇచ్చాడు. తల్లి పంపిన నువ్వుల లడ్డూలట. "నేను జబర్దస్తీ చేస్తలేనక్కా. పోరికి మేం ఇడ్సిపెట్టలేదని తెలిస్తే సాలు" అన్నాడు. గేటు దగ్గర సంచి వెతుకుతారని తెలుసు. పొట్లాన్ని మడిచిన గొడుగులో దాచాను. అరవై ఒకటో ఏట, జీవితంలో మొదటిసారి ఒకరి కళ్లు కప్పి ఒక వస్తువు లోపలికి తీసుకెళ్లాను. మంచి పని చేస్తున్నాననే గర్వంగా తీసుకెళ్లాను.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో పిల్లలు బొమ్మలు గీస్తున్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని యాదమ్మ లేచి వెళ్లింది. ఆ రెండు నిమిషాల్లో మల్లికను కిటికీ దగ్గరికి పిలిచి పొట్లం చేతిలో పెట్టాను. లడ్డూల కింద ఒక ఆకుపచ్చ లక్క గాజు ఉంది, చిన్న చిన్న అద్దాలు పొదిగినది. లోపల అది ఉందని నాకు తెలియదు. మల్లిక దాన్ని చూసింది. ఏడవలేదు, అరవలేదు. పొట్లాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని, పుస్తకాల బీరువాకూ గోడకూ మధ్య సందులోకి వెళ్లి కూర్చుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఏమైందని అడిగాను.

"మామ వచ్చిండా టీచర్? గేటు కాడ ఉన్నడా?"

లేడమ్మా, బయట నీ కోసం బాధపడుతున్నాడు అన్నాను. ఆ మాటతో ఆ పిల్ల ఇంకా లోపలికి జరిగింది.

"నన్ను పంపియ్యకుండ్రి. అన్నం తక్కువ తింట. ఈడనే ఉంట."

యాదమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. నేల మీద గాజు చూసి, నన్ను చూసి, మల్లిక పక్కన కూర్చుని ఆ పిల్ల తలను తన ఒళ్లోకి తీసుకుంది. మిగతా పిల్లలు పెన్సిళ్లు పట్టుకుని కదలకుండా ఉండిపోయారు. నేను లేచి ఎస్తేరు మేడం గదికి వెళ్లాను. ఆవిడ ఏదో రాసుకుంటోంది. తప్పు చేశానని చెప్పాను. ఆవిడ తలుపు మూసి కుర్చీ చూపించింది.

"ఏమేం చెప్పిండ్రో మొదటి సంది చెప్పుండ్రి టీచర్. మీకు చిన్నగ అనిపించింది గూడ ఇడ్సిపెట్టకుండ్రి."

చెప్పాను. శుక్రవారం అన్న మాట రాగానే ఆవిడ కలం ఆగింది. టైమ్ చెప్పారా అని అడిగింది. లేదన్నాను. దవాఖాన పేరు? అతనే అన్నాడు, నేను కాదనలేదన్నాను. ఆవిడ ఫోను అందుకుంది. ముందు బాలల సంక్షేమ సమితికి, తరువాత పోలీసులకు చెప్పింది. గొంతు ఎక్కడా పెరగలేదు. ఆ రెండు ఫోన్ల మధ్య నాకు కొన్ని ముక్కలు చెప్పింది. అతను నిజంగానే మేనమామ. పిల్ల తల్లి రెండేళ్ల క్రితమే పోయింది. బడికి పంపుతానని ఊరి నుంచి తీసుకొచ్చి ఆ గాజుల ఇంట్లో అప్పగించినవాడు అతనే. పారిపోబోతే కుంపటి మీద చేయి పెట్టించినవాడూ అతనే. ఆ సంగతి పిల్ల నోటితోనే చెప్పింది, కేసులో ఉంది. దాడి జరిగిన రోజు నుంచి అతను దొరకలేదు, గేటు దగ్గరికి వచ్చాడన్నదీ అబద్ధమే. పిల్ల కోర్టులో మళ్లీ చెప్పకుండా ఉంటే అతనికి ఏ బాధా లేదు. అందుకే వెతుకుతున్నాడు, ఆ గాజు పంపింది కూడా పిల్లను బెదిరించడానికే.

నేను ఏడుస్తున్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. నేను వచ్చి చెప్పడం మంచిదైందని అంది. రేపటి నుంచి ఇక్కడికి రావద్దని కూడా అంది. సాయంత్రం అయిదు లోపు సమితి పంపిన కారులో మల్లిక వేరే చోటికి వెళ్లిపోయింది. నన్ను వంటింట్లోనే కూర్చోమన్నారు. మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు, తరువాత గేటు గొళ్లెం తీసిన చప్పుడు విన్నాను. ఆ పిల్ల నెల రోజులుగా నిద్రపోవడం నేర్చుకుంటున్న మంచం, స్నేహం కుదిరిన పిల్లలు, యాదమ్మ చేతి అన్నం, అన్నీ నా ఒక్క మాట వల్ల వదిలి పోవాల్సి వచ్చింది.

బయలుదేరబోతుంటే యాదమ్మ గేటు వరకు వచ్చింది. ఆ మూడు రోజులు నేను అడిగినవాటికి అప్పుడు జవాబులు చెప్పింది. ఎదురింటి డాబా మీద నుంచి ఎవరో పిల్లల ఫొటోలు తీశారట, అందుకే అద్దాలకు రంగు. గేటు తోసుకుని మెట్లెక్కబోయారట ఒకసారి, అందుకే ఇనుప తలుపు. పేరు మార్చింది బయట ఎవరూ గుర్తు పట్టకుండా. ఆ మంగళవారం ఏడ్చింది కొత్తగా వచ్చిన పిల్ల, కలలో ఉలిక్కిపడి. తలుపు మూసింది దగ్గర కూర్చుని పడుకోబెట్టడానికి. "ముందే చెప్పి ఉంటే" అన్నాను. "మీరు ఎవ్వరో మాకెట్ల ఎరుక అక్కా" అంది యాదమ్మ. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇంకా నొప్పించింది.

గురువారం నన్ను పోలీసు స్టేషన్‌కి పిలిచారు. వాంగ్మూలం తెలుగులోనే రాసుకుని చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు, మూడు గంటలు పట్టింది. అతను ఇప్పుడు ఎలా ఉంటాడో చూసిన పెద్దవాళ్లలో దొరికింది నేనొక్కదాన్నే. మర్నాడు వచ్చి చూపించగలరా అని అడిగారు. భయం వేసింది. వస్తానన్నాను.

శుక్రవారం తొమ్మిదిన్నరకే ఆసుపత్రి వరండాలో చర్మవ్యాధుల గది ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. ఒక పక్క ఎస్తేరు మేడం. వెనక బల్ల మీద మామూలు చీరల్లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు, చేతుల్లో ఓపీ చీటీలతో. ఆ వరండాలో వందమంది ఉంటారు. తెల్లచొక్కా వేసుకున్న ప్రతి మగాడినీ చూసి అతనే అనుకున్నాను. వాళ్లు ఏమీ తెలియని మనుషులని, ఎవరి బిడ్డనో డాక్టరుకు చూపించడానికి వచ్చారని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. పదీ ఇరవైకి అతను వచ్చాడు. వెంట ఆకుపచ్చ చీరలో ఒకామె, చేతిలో కాగితాల ఫైలు. నన్ను చూసి అతని ముఖం విప్పారింది. దండం పెట్టాడు.

"వచ్చిండ్రా అక్కా. పాప ఏది?"

పోలీసులు ముందే చెప్పినట్టు పైట కొంగు భుజం మీదికి లాక్కున్నాను. అదే గుర్తు. వెనక బల్ల మీది కానిస్టేబుళ్లిద్దరూ లేచి అతనికి రెండు పక్కలా నిలబడ్డారు, వరండా చివర నుంచి మరో ఇద్దరు వచ్చారు. లొల్లి ఏమీ జరగలేదు, క్యూలో ఉన్నవాళ్లలో సగం మంది చూడనే లేదు. ఆకుపచ్చ చీరామె తల్లినని చెప్పుకోవడానికి వచ్చిన మనిషి అని ఆ సాయంత్రమే తేలింది. అతన్ని తీసుకుపోతుంటే ఒక్కసారి ఆగి నా వైపు చూశాడు. "నేను దాని మేనమామనే అక్కా. నీకు అబద్ధం చెప్పలే" అన్నాడు. ఆ ఒక్క విషయంలో చెప్పలేదు నిజమే.

తరువాత నేను ఇంకో మూడు రోజులు ఉండి, టికెట్ ముందుకు జరుపుకుని ఇంటికి వచ్చేశాను. ఇది రాసేనాటికి నాలుగు నెలలు దాటింది. మల్లిక ఎక్కడుందో నాకు తెలియదు, అడగలేదు. పోయిన నెల ఎస్తేరు మేడం నుంచి ఒక్క ముక్క వచ్చింది: ఆమె బడికి పోతుంది అని. దాన్ని చాలాసార్లు చదువుకున్నాను. ఆ పది రోజుల్లో నేను అనుమానించని మనిషి అతనొక్కడే. ఎందుకని ఆలోచిస్తే సిగ్గేస్తుంది. మిగతావాళ్లంతా నాకు పని చెప్పారు, ఆగమన్నారు, తెలియదన్నారు. అతను మాత్రం నాకు వినాలని ఉన్నదే చెప్పాడు. లోపలివాళ్లు చెడ్డవాళ్లని, పిల్లను కాపాడే మంచిదాన్ని నేనేనని. ఇంత దూరం వెళ్లింది పిల్లల కోసమేనని అనుకున్నాను. ఆ మాట వినడం కోసం కూడా వెళ్లానేమో.

ఇలాంటి చోటికి వెళ్లేవారికి నేను చెప్పగలిగే సలహా ఒక్కటే. బయట ఎవరైనా, ఎంత దగ్గరివాళ్లమని చెప్పినా, లోపలి పిల్లల గురించి అడిగితే "నాకు తెలియదండి" అని చెప్పి లేచిపోండి. అడిగిన మనిషి సంగతి ఆ రోజే గృహం నడిపేవారికి చెప్పండి. ఏడ్చే మనిషి ముఖం మీద ఆ మాట అనడం మనం అనుకున్నంత తేలిక కాదు. ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు వణకకుండా వచ్చేదాకా పైకి అని చూసుకోండి.